ముంపులో బతికిన దుబ్బుల విత్తనం దాచుకుంటే మడి గట్టిపడుతుందా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. వంశధార పొంగి మీ పల్లపు మడి పది పన్నెండు రోజులు నీళ్ల కింద ఉండిపోయింది. మీరు వేసిన 7029, అంటే స్వర్ణ రకం వరి, దాదాపు అంతా కుళ్ళిపోయినా ఒక మూల మాత్రం కొన్ని దుబ్బులు తేరుకుని మళ్లీ ఆకు తీశాయి. ఆ గింజలు విడిగా దాచి, ఏటా అదే మడిలో వేసుకుంటూ పోతే నాలుగైదేళ్లకు ముంపుకు అలవాటుపడిన విత్తనం తయారవుతుందా అన్నది మొదటిది. మన శ్రీకాకుళం తీరంలో ఉద్దానం ఇసుకలో జీడిమామిడి, నౌపడ ఉప్పు మళ్ల గట్ల మీద ఆ దళసరి ఆకుల మొక్కలు అలవాటు పడినప్పుడు వరికి మాత్రం ఏమొచ్చింది అన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా జవాబు: మీరు అనుకున్న దారిలో రాదు. చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పాను, ఈ ప్రశ్న ఏదో రూపంలో ఏటా వచ్చేది. ఎక్కువగా రైతు ఇళ్ల పిల్లలే అడిగేవాళ్లు. అడగడంలో తప్పేం లేదు, కంటికి అలాగే కనిపిస్తుంది మరి.

మొక్క తన ఒంటి మీదకు వచ్చిన కష్టానికి తను సర్దుకోవడం ఒక సంగతి. నీడలో పెంచిన నారును ఎండలోకి తెస్తే మొదట ఆకులు పాలిపోతాయి, కొద్ది రోజులకు కొత్త ఆకు దళసరిగా వస్తుంది. బెట్ట పడితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలను మూయిస్తుంది, మిట్టమధ్యాహ్నానికి వరి ఆకు చుట్టుకుపోతుంది. ఇలా సర్దుకునే శక్తి జన్యువుల్లోనే ఉంటుంది. కానీ ఈ ఏడాది ఆ మొక్క పడ్డ కష్టం వల్ల దాని గింజలోని జన్యువులు మారవు. తరాల మీద వంశం మారడం వేరే సంగతి. దానికి రెండు కావాలి. మడిలోని మొక్కల మధ్య పుట్టుకతోనే తేడా ఉండాలి, ఆ తేడా వల్ల కొన్ని చచ్చి కొన్ని బతకాలి. మీ మడిలో చావులకు కొదవ లేదు. లేనిదల్లా పుట్టుకలో తేడా.

వరి తన పువ్వులో తనే పరాగ సంపర్కం చేసుకుంటుంది. పక్క మొక్క పుప్పొడి పడి గింజ కట్టడం నూటికి ఒకటి కూడా ఉండదు. స్వచ్ఛమైన 7029 విత్తనం వేస్తే మడి మొత్తం దాదాపు ఒకే మొక్క. అందులో ఎన్నిసార్లు ఏరినా ఏరేదానికీ ఏరనిదానికీ వారసత్వంలో తేడా లేదు. దీన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త విల్హెల్మ్ యోహాన్సెన్ 1903లోనే చిక్కుడు జాతి గింజల మీద తేల్చాడు. ఒకే మొక్క సంతానంలో పెద్ద గింజలు ఏరి వేశాడు, చిన్న గింజలు ఏరి వేశాడు. రెండింటి పిల్లలూ సగటున ఒకే బరువు తూగాయి. పెద్ద గింజ పెద్దదవడానికి కారణం కాయలో దానికి దొరికిన చోటు, తిండి. ‘జీన్’ అనే మాటను 1909లో పెట్టింది కూడా ఆయనే.

మరి మీ మూల దుబ్బులు ఎందుకు బతికాయి? నేనైతే ముందు నేలను అనుమానిస్తాను. ఆ మూల జానెడు మెరక కావచ్చు, నీళ్లు రెండు రోజులు ముందే తీసి ఉండవచ్చు. బురద తక్కువ పేరుకుని ఆకుకు కాస్త వెలుతురు అంది ఉండవచ్చు. అక్కడ ఓ కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. వచ్చే ముంపులో ఏ విత్తనం వేసినా అదే మూల బతికితే ఆ ఘనత మట్టిది. రెండో అనుమానం, విత్తనంలో కల్తీ గింజలు. అదైతే పంటే చెప్పేస్తుంది: ఎత్తులో తేడా, వెన్ను తీసే రోజుల్లో తేడా, గింజ ఆకారంలో తేడా. అలాంటివి కనిపిస్తే మాత్రం ఆ దుబ్బులను విడిగా కోయండి, వాటిని దాచడానికి అర్థం ఉంది. ఇదే ప్రశ్న గంట్ల (సజ్జల) గురించో మొక్కజొన్న గురించో అడిగి ఉంటే నా జవాబు మారేది. వాటిలో పుప్పొడి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతుంది, ప్రతి గింజా వేరు. సీతంపేట కొండల మీద పోడులో చల్లే పాత సామలు, కొండ ధాన్యం విషయంలోనూ జవాబు మారుతుంది, అవి చాలా వంశాల కలగలుపు. అక్కడ బెట్ట ఏళ్లు వరసగా వస్తే ఆ కలగలుపులో బెట్టకు ఓర్చేవాటి వాటా నిజంగానే పెరుగుతుంది.

కష్టపెడితే విత్తనం రాటుదేలుతుందన్న నమ్మకం మన ఊళ్లదే కాదు. 1930ల్లో సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఇదే చెప్పి స్టాలిన్ మెప్పు పొందాడు. కాదన్న జన్యుశాస్త్రవేత్తలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన వావిలోవ్ 1943లో సరాతోవ్ జైలులో చనిపోయాడు. అక్కడి వ్యవసాయం దశాబ్దాలు వెనకబడింది.

ఈమధ్య ‘ఎపిజెనెటిక్స్’ పేరుతో వచ్చే వార్తలు చూసి, అంటే లైసెంకో చెప్పిందే నిజమా అనేవాళ్లున్నారు. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే వాటి మీద మిథైల్ గుర్తులు పడి జన్యువు మూతపడటం నిజం. మొక్కల్లో అలాంటి గుర్తు కొన్నిసార్లు గింజ దాటి పిల్లలకు పోవడమూ నిజమే. లినేరియా అనే మొక్కలో వింత ఆకారం పూలను 18వ శతాబ్దంలో లిన్నేయస్ వర్ణించాడు. ఆ వింతకు కారణం ఒక జన్యువు మీద పడిన మిథైల్ గుర్తులేనని 1999లో తేలింది. కానీ కరువో ముంపో వేసిన గుర్తులు చాలావరకు తర్వాతి తరానికి చెరిగిపోతాయి. వాటిని నమ్ముకుని విత్తనం కట్టుకునే స్థితి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వరి నీళ్లలో ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి.

ఆగస్టులో పల్లపు మడిలో ఒక దుబ్బును మెల్లగా పెకలించి కాలువలో కడగండి. ముదురు వేళ్ల మీద తుప్పు రంగు పూత ఉంటుంది, కొసలు మాత్రం తెల్లగా ఉంటాయి. ఆ తుప్పు నిజంగా తుప్పే. గాలి ఆడని బురదలో ఇనుము కరిగి ఉంటుంది, వేరు నుంచి ఊరే ఆక్సిజన్ తగిలి వేరు చుట్టూ పేరుకుంటుంది. ఆ ఆక్సిజన్ వేరుకు ఎక్కడిదంటే, బ్లేడుతో ఒక వేరును అడ్డంగా కోసి భూతద్దంలో చూడండి, లోపల ఖాళీ గదులు కనిపిస్తాయి. కొన్ని కణాలు కావాలని చచ్చిపోయి వదిలిన గాలి దారులవి. ఆకు పీల్చిన గాలి వాటి గుండా వేరు కొసకు చేరుతుంది. ఒక జొన్న మొక్కను ఇదే మడిలో పెట్టి చూడండి, వారానికల్లా పసుపెక్కిపోతుంది. కాబట్టి వరి నీటికి అలవాటు పడలేదని మనం అనకూడదు. మోకాలి లోతు నీళ్లకు అది ఏనాడో అలవాటు పడింది. తల మునిగితేనే దాని తిప్పలు.

తల మునిగితే గాలి దారి మూసుకుపోతుంది. నీళ్లలో వాయువుల కదలిక గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మది. లోపలికి ఆక్సిజన్ రాదు. మొక్క తనే తయారుచేసే ఎథిలీన్ బయటికి పోదు. ఎథిలీన్ అంటే మామిడికాయలు మగ్గేటప్పుడు వాటిలోంచి వచ్చే వాయువే. అది లోపల పేరుకోవడమే వరికి మునిగానన్న కబురు. మామూలు రకం ఈ కబురు అందగానే ఆకును, కాండాన్ని సాగదీస్తుంది, నీటి పైకి తల పెట్టాలని. ఆక్సిజన్ లేక చక్కెరను పులియబెట్టి బతుకీడుస్తుంటుంది. మామూలు శ్వాసలో ఒక గ్లూకోజ్ నుంచి ముప్పై దాకా ఏటీపీ శక్తి కణికలు వస్తే పులిసినప్పుడు వచ్చేది రెండే. ఆ రెండింటితోనే సాగడం. నీరు మూడు నాలుగు రోజుల్లో తీస్తే సరే. పది రోజులుంటే నిల్వ చక్కెర అయిపోతుంది. నీరు తీశాక ఆ పొడుగు సన్న కాడలు నిలబడలేక బురదలో పడి కుళ్ళుతాయి. ముంపు తీసిన మడి దగ్గర పుల్లటి కల్లు వాసన వస్తుందే, అందులో ఈ పులుపుకూ వాటా ఉంది.

ఒడిశాలో ఒక దేశవాళీ వరి ఉండేది. దాని నుంచి కటక్‌లో ఎంపిక చేసినదే ఎఫ్ఆర్13ఎ. అది రెండు వారాలు పూర్తిగా మునిగినా తేరుకుంటుంది. దాని రహస్యం 9వ క్రోమోజోము మీద ఉందని 1996లో షూ, డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. అసలు జన్యువు ‘సబ్1ఎ’ 2006లో దొరికింది, ఆ బృందంలో పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ కూడా ఉన్నారు. ఇది చేసే పని వింటే మొదట నిరాశగా ఉంటుంది. ఇది మొక్కకు కొత్త శక్తి ఏమీ ఇవ్వదు, ఊరికే కూర్చోమంటుంది. ఎథిలీన్ పేరుకోగానే సబ్1ఎ మేల్కొని, పెరుగుదల హార్మోను గిబ్బరెల్లిన్ పనిని అడ్డుకునే ప్రోటీన్లను పెంచుతుంది. సాగడం ఆగిపోతుంది. పిండి కరిగించే ఎంజైముల పని తగ్గుతుంది, నిల్వ చక్కెర అలాగే ఉంటుంది. నీళ్లు తీశాక ఆ నిల్వతో కొత్త ఆకు తీస్తుంది. రాబడి ఆగిపోయిన నెల ఇంట్లో పెద్దావిడ గాదెకు తాళం వేసి రోజుకింత కొలిచి ఇస్తుంది చూడండి, అచ్చం ఆ పని.

ఈ జన్యువు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా. అన్ని వరి రకాల్లోనూ అదే చోట సబ్1బి, సబ్1సి అనే రెండు జన్యువులుంటాయి. ఏనాడో సబ్1బి నకలు ఒకటి పొరపాటున పక్కనే అచ్చుపడింది. ఆ నకలు మెల్లగా మారి సబ్1ఎ అయింది. కొన్ని రకాల్లో అది అసలు లేదు. ఇంకొన్నింటిలో ఉన్నా పనికిరాదు, 186వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలీన్ ఉంటుంది. అంటే ప్రకృతి కొత్త వస్తువును శూన్యంలోంచి చేయలేదు. ఉన్న జన్యువుకు నకలు తీసి, అది ఎప్పుడు పని చేయాలన్నది మార్చింది. మొక్కల అనుకూలనాల్లో నాకు తెలిసిన చాలా కథలు ఇలాగే నడుస్తాయి.

అదే ఎథిలీన్ కబురుకు పూర్తిగా వ్యతిరేకమైన జవాబు చెప్పే వరి కూడా ఉంది. బంగ్లాదేశ్, థాయిలాండ్ వరద మైదానాల లోతు నీటి వరిలో ‘స్నార్కెల్’ జన్యువులు రెండు ఉంటాయి, 2009లో జపాన్ వాళ్లు కనుక్కున్నారు. అవి కూడా సబ్1ఎ కుటుంబంవే. కానీ అవి మొక్కను పరుగెత్తిస్తాయి, రోజుకు 20-25 సెంటీమీటర్లు పెరిగి నీటి పైకి వస్తుంది. ఏది మంచిదని అడగొద్దు, నదిని బట్టి ఉంటుంది. అక్కడ నీళ్లు నెలల తరబడి ఉంటాయి, ఆగి కూర్చుంటే చావే. మన వంశధార, నాగావళి అలా కావు. ఒడిశా కొండల్లో కుండపోత పడితే గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లెత్తుతారు, పల్లం మునుగుతుంది, కొద్ది రోజులకు తీస్తుంది. ఇలాంటి నదికి ఓపికపట్టే వరే కావాలి. ఆ ఓపిక జన్యువు మన ఇచ్ఛాపురం సరిహద్దు అవతలి రాష్ట్రంలోనే దొరకడంలో నాకేమీ వింత లేదు, అక్కడి నదులూ ఇలాంటివే. ఒడిశా రైతులు తరతరాలుగా మునిగిన మడిలోంచి గింజ దాచుకున్నారు కదా, మరి నేను దాచుకుంటే ఎందుకు రాదంటారా? వాళ్ల మడుల్లో అప్పుడు వంద రకాల వంశాల కలగలుపు ఉండేది, వాటిలో ఏదో ఒకదానిలో సబ్1ఎ ముందే ఉంది. మీ మడిలో ఉన్నది ఒకే వంశం.

సబ్1ఎకు హద్దులున్నాయి. అది పిలకల దశలో రెండు వారాల లోపు ముంపుకే. పూత మీద మునిగితే ఆదుకోదు, నడుం లోతు నీళ్లు నెలల తరబడి నిలబడితే ఆదుకోదు. మనవైపు ఎద చల్లే రైతుకు ఇంకో బాధ కూడా ఉంది. చల్లిన మర్నాడే వాన కొట్టి గింజ మొలవకుండానే నీటి కింద పడితే అక్కడా సబ్1ఎ పనికిరాదు. నీటి అడుగున మొలవాలంటే పిండిని ఆపుకోవడం కాదు, గబగబా కరిగించుకుని మొలకను పైకి తోయాలి. ఆ పని చేయించే జన్యువు మయన్మార్ దేశవాళీ వరిలో 2015లో దొరికింది, పేరు టీపీపీ7. మొక్కకు లోపల చక్కెర ఎంత ఉందో తెలిపే ట్రెహలోజ్ ఫాస్ఫేట్ అనే సంకేత పదార్థాన్ని అది తగ్గిస్తుంది. గింజ తనకు చక్కెర చాలలేదనుకుని ఇంకా పిండి కరిగిస్తుంది. ఒకే పంట, ఒకే నీరు, కానీ మొదటి వారంలో ఖర్చుపెట్టాలి, నెల దాటాక దాచాలి.

ఉప్పు సంగతి దీనికన్నా కష్టం, ఎందుకంటే ఉప్పు రెండు దెబ్బలు కొడుతుంది. మొదట వేరు నీరు పీల్చలేదు, తడి నేలలోనే దాహం. తర్వాత సోడియం లోపలికి చేరి పొటాషియం స్థానంలో దూరి ఎంజైములను చెడగొడుతుంది. నౌపడ గట్ల మీద మీరు చూసే ఆ ఉబ్బిన ఆకుల మొక్కలు సోడియంను రానిచ్చి, ప్రతి కణంలోని రిక్తిక అనే సంచిలోకి తోసి మూసేస్తాయి. ఆకు దళసరిగా, నమిలితే ఉప్పగా ఉండేది అందుకే. కణంలోని మిగతా భాగం ఎండిపోకుండా గ్లైసిన్ బీటైన్ లాంటి పదార్థాన్ని నింపుకుంటాయి. మడ చెట్లు వేరు దగ్గరే ఉప్పులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తాయి. వాటిలో తెల్లమడ రకం అయితే దాటి వచ్చిన కాస్తను ఆకు మీది గ్రంథుల నుంచి బయటికి ఊర్చేస్తుంది, ఎండలో ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తాయి. వీటన్నిటికీ పగలూ రాత్రీ శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే ఆ మొక్కలు మంచి నేలలో మామూలు గడ్డితో పోటీపడి నెగ్గలేవు. ఉప్పు నేలలో ఉన్నాయంటే అది వాటికి ఇష్టమని కాదు, అక్కడ పోటీ లేదు.

వరిలో కేరళ పొక్కాలి రకం ఉప్పుకు పేరు. 1వ క్రోమోజోము మీద దాని సాల్టాల్ భాగంలో హెచ్‌కేటీ1;5 అనే జన్యువు ఉంది. వేరు నుంచి ఆకుకు వెళ్లే నీటి గొట్టంలోంచి అది సోడియంను వెనక్కి లాగి వేరులోనే ఉంచుతుంది. ఈ జన్యువు అన్ని వరుల్లోనూ ఉంటుంది. తేడా అంతా అది ఎంత సమర్థంగా పనిచేస్తుందన్న దాంట్లో. ఇక్కడో పిట్టకథ చెప్పాలి. బాస్మతి వాసన ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చింది. బీటైన్ తయారీలో పనిచేసే రకం ఎంజైము బీఏడీహెచ్2, దాని జన్యువులో ఎనిమిది అక్షరాలు ఎగిరిపోయి పనిచేయడం మానేసింది, దాంతో వాసన పదార్థం పోగవుతుంది. మనిషి ముక్కుకు నచ్చి దాన్ని కాపాడుకున్నాడు. అలా జన్యువు చెడిన రకాలు ఉప్పుకు మరికాస్త సున్నితంగా ఉంటాయని ప్రయోగాల్లో కనిపించింది.

బెట్ట సంగతి మన చోళ్లే (రాగులే) చెబుతాయి. గరువు మీద వరి వేయకుండా చోళ్లు ఎందుకు వేస్తారో పెద్దవాళ్లకు తెలుసు, కారణం మాత్రం 1966లో గానీ స్పష్టం కాలేదు. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు చెరకు ఆకు మీద పనిచేసి తేల్చారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో అనే ఎంజైముకు ఒక దోషముంది, అప్పుడప్పుడు దాని బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వరిలో ఇలా పట్టిన కార్బన్‌లో పావు వంతు దాకా వృథా అవుతుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. చోడి, గంటి, జొన్న, చెరకు రుబిస్కోను ఆకు ఈనెల చుట్టూ ఉన్న పెద్ద కణాల్లోకి మార్చేశాయి. బయటి కణాల్లో పెప్ కార్బాక్సిలేజ్ అనే, ఆక్సిజన్ జోలికి పోని ఎంజైము కార్బన్‌ను పట్టి లోపలికి అందిస్తుంది. లోపల కార్బన్ దట్టంగా ఉంటే రుబిస్కో తప్పు చేయదు. రంధ్రాలు కొంచెమే తెరిచినా పని జరుగుతుంది కాబట్టి నీరు సుమారు సగం మిగులుతుంది. చోడి ఆకును, వరి ఆకును వెలుతురుకు అడ్డుపెట్టి చూస్తే చోడి ఈనెలు ఎక్కువ దగ్గర దగ్గరగా ఉంటాయి, కారణం ఇదే. పెప్ కార్బాక్సిలేజ్ కొత్తదేం కాదు, వరిలోనూ ఉంది, అక్కడ వేరే చిన్న పనులు చేస్తుంది. పాత ఎంజైమునే కొత్త చోట పెట్టడం వృక్ష చరిత్రలో అరవై సార్లకు పైగా విడివిడిగా జరిగింది. మనుషులు వరిలో అదే చేయాలని దశాబ్దానికి పైగా కిందామీదా పడుతున్నారు, ఇంకా కాలేదు. ఈ పద్ధతిలో ఒక్కో కార్బన్‌కు రెండు ఏటీపీలు అదనపు ఖర్చు, అందుకే చల్లని చోట, నీడలో ఇది లాభం కాదు.

ఇదే ఎంజైమును రాత్రి పని చేయించే మొక్కలున్నాయి. సీతంపేట కొండల అనాస ఒకటి, పెరట్లో రణపాల ఒకటి. రాత్రి చల్లదనంలో రంధ్రాలు తెరిచి కార్బన్ పట్టి మాలిక్ ఆమ్లంగా నిల్వ చేస్తాయి, పగలు తలుపులు మూసుకుని దాన్నే వాడుకుంటాయి. మన కోస్తాలో సామర్లకోట తోట బాధ్యత చూసుకున్న బెంజమిన్ హేన్ అనే వైద్యుడు 1813లో లండన్ లిన్నియన్ సొసైటీకి రాసిన లేఖలో ఈ రణపాల సంగతే చెప్పాడు. ఆకు పొద్దున్నే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని నమిలి చూసి రాశాడు. మీరూ చూడొచ్చు, నాలుక మీద పెట్టి ఉమ్మేయండి, మింగొద్దు, ఆ మొక్కలో గుండెకు హాని చేసే పదార్థాలున్నాయి. ఆమ్లం నిల్వ చేసే చోటు ఆకులో ఎంతుందో అంతే రాబడి కాబట్టి ఈ మొక్కలు నిదానంగా పెరుగుతాయి.

ఇక జీడిమామిడి. అది ఉద్దానానికి అలవాటు పడిందని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. దాని సొంత ఊరు బ్రెజిల్ ఈశాన్య తీరం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. లోతుకూ పక్కలకూ పోయే వేరు, తోలు లాంటి ఆకు, ఇసుకలో ఎండకు తట్టుకునే గుణం, అన్నీ అక్కడే కట్టుకుని వచ్చింది. కవిటి, వజ్రపుకొత్తూరు ఇసుక దానికి పుట్టింటి ఇసుకలాగే తోచింది. తోచనిది తుపాను. దక్షిణ అట్లాంటిక్‌లో తుపాన్లు అరుదు, దాని పూర్వీకులను గాలితో ఏరిన వాళ్లెవరూ లేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ గొడుగు కొమ్మలు గాలికి దొరికిపోయి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కొబ్బరీ కూలింది, కాదనను, కానీ జీడి తోటలు చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. మొక్క తన తాతల ఊరికి సరిపోయేలా తయారై ఉంటుంది, ఇప్పుడున్న ఊరు దానికి పోలితే బాగుంటుంది, పోలకపోతే లేదు.

దాని రసాయన కాపలా మాత్రం పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను అడిగితే తెలుస్తుంది. పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి, చర్మం నల్లబడి ఊడుతుంది. అందుకే చేతికి బూడిద రాసుకునే అలవాటు. పప్పును పురుగూ జంతువూ తినకుండా చెట్టు కట్టిన కంచె అది. మామిడికాయ తొడిమ తుంచితే కారే సొన, చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టిన నల్లజీడి రసం, అన్నీ ఇలాంటి పదార్థాలే, ఎందుకంటే ఈ మూడూ ఒకే కుటుంబం.

మళ్లీ మీ మడి దగ్గరికి. మీకు కావలసినది ఉంది: స్వర్ణ సబ్1. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన 7029కు ఒడిశా వరిలోని సబ్1ఎ ముక్కను ఫిలిప్పీన్స్ వరి పరిశోధన సంస్థలో పలుమార్లు సంకరం చేసి ఎక్కించారు. ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి ఆ ముక్క ఉన్న మొక్కనే ఏరుతూ, మిగతాదంతా స్వర్ణలాగే ఉండేలా చూశారు. మన దేశంలో 2009లో విడుదలైంది. ముంపు రాని ఏడాది దిగుబడిలో స్వర్ణకు తగ్గదు. ఎథిలీన్ పేరుకున్నప్పుడే ఆ జన్యువు మేల్కొంటుంది కాబట్టి, మిగతా రోజుల్లో దానికయ్యే ఖర్చు లేనట్టే. రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లి మీ మడి లోతు, ఎన్నాళ్లు మునుగుతుంది, ఏ నెలలో అన్నది చెప్పి అడగండి. పూత మీద మునిగే మడి అయితే ఈ విత్తనం కొనకండి, నాట్ల తేదీ మార్చుకోండి. మీరు దాచిన మూల దుబ్బుల గింజలు కూడా పారేయొద్దు. మూడు వారాల నారును స్వర్ణ సబ్1 నారు పక్కన ఒకే తొట్టిలో పెట్టి, ఆకు కొస కూడా కనిపించకుండా రెండు వారాలు ముంచండి. తీశాక పది రోజులాగి కొత్త ఆకు వేసినవి లెక్కపెట్టండి. మీ గింజల్లో ఏదైనా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

విత్తనం కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. 7029 వడ్ల పొట్టు ముదురు బంగారు గోధుమ రంగు, స్వర్ణ సబ్1 పొట్టు గడ్డి రంగు. సబ్1ఎ పక్కనే పొట్టు రంగును ఆపే జన్యువు ఒకటి ఉంది, ఎంత ప్రయత్నించినా రెండూ విడిపోక అదీ వెంట వచ్చేసింది. అన్నంలో తేడా ఏమీ రాదు. బస్తాలో రెండు రంగుల వడ్లూ కలిసి కనిపిస్తే మాత్రం వెనక్కి ఇచ్చేయండి.